నాలుగో మేకు

చెంగల్రావుపేట సందు చివర
నా దాగలి ఇంకా ఉంది.
పోర్టు నుంచి లేచే నల్లధూళి రాత్రంతా దాని మీద పడుతుంది.
పొద్దున్నే అరచేత్తో తుడుస్తాను,
ఎవరో పడుకుని లేచిన చాపని దులిపినట్టు.

ఉక్కు కర్మాగారమున్న ఊళ్లో
ఇనుముకేం కరువు దస్తగిరీ, అంటారు.
గుర్రానికి కావలసింది ఉక్కు కాదు,
నేలతో పాటు కొంచెం అరగడానికి ఒప్పుకునే మెత్తని ఇనుము.
గాజువాక పాతసామాన్ల కొట్లో
ఊచల్ని గోటితో మోగించి ఏరుకుంటాను.

గుర్రాలెన్నని ఈ ఊళ్లో?
బీచిలో పిల్లల్ని తిప్పేవి పదకొండు,
పెళ్లిళ్లవి నాలుగు,
అందులో రెండు ఇక్కడా అక్కడా లెక్కకొచ్చేవే.
లాడం దొరికిందని గుర్రాన్ని కొన్నవాళ్లనీ చూశాను.
ఉప్పునీళ్లు మేకుల్ని తింటాయి,
ఇసక గిట్టల్ని తింటుంది,
మిగిలింది మనం తింటాం, అని నవ్వేవాడు మా నాన్న.

కాలు పట్టుకోకూడదురా, అడగాలి. అదీ ఆయన మాటే.
దాని తలవైపు నీ వీపు పెట్టు,
భుజం నుంచి చెయ్యి జార్చుకుంటూ కిందికి పో,
మోకాలి కింద నరం దగ్గర ఆగు.
ఇస్తుంది.
ఇవ్వకపోతే ఆ రోజుకి దాని మాటే చెల్లుతుంది.

ఆదివారం పొద్దున్న పోలారావు పావురాన్ని నడిపించుకొచ్చాడు.
బూడిదరంగు ఆడగుర్రం,
మొన్నటి పెళ్లి గోరింట ఇంకా తోక చివర.
ముందు ఎడమకాలు పెట్టీ పెట్టనట్టు,
వేడి పెనం మీద పెడుతున్నట్టు.
"బీచిలో గాజుపెంకు దిగినాదేమో బావూ.
ఏటి సేత్తావో సెయ్యి.
సాయంత్రం ఎంవీపీ కాలనీలో పెళ్లికొడుకుని ఎక్కించాల,
అడ్వాన్సు తినీసేను."

గిట్టల చుట్టూ అరచెయ్యి ఆనించి చూశాను.
మూడు, నూతిరాళ్లలా చల్లగా.
ఇదొక్కటి
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు.

సుత్తితో ఒక్కో మేకు తలనీ మెల్లిగా తట్టాను.
ఒకటి. చెవి కదల్లేదు.
రెండు. మూడు.
నాలుగు, బయటవైపు, మడమకి దగ్గరగా,
గిట్ట అంచు పల్చబడే చోట,
పావురం ఒళ్లంతా ఒక్కసారి వెనక్కి పోయింది.

ఆ మేకు నాది.
తొమ్మిది రోజుల కిందట
వాన పట్టేలా ఉందని,
ఇంకా రెండు గుర్రాలు వరసలో ఉన్నాయని...
గట్టి గోరులోకి పోయే మేకు కంచులా పలుకుతుంది.
మెత్తనలోకి పోయేది మూగగా.
ఆవేళ చప్పుడు మారింది, విన్నాను.
విని కూడా ఇంకో దెబ్బ వేశాను.

లాడం విప్పాను. మేకు తడిగా వచ్చింది.
వంకరకత్తితో గుల్ల చేస్తే
బూడిదరంగు నీరు, తర్వాత నల్లది,
మురిగిన కొబ్బరి కంపు.
పావురం మెడ దించి, నోరు నములుకుంటూ
పొడుగ్గా ఊపిరి వదిలింది.
గిట్ట చెక్కుల కోసం కాచుకున్న వీధికుక్కలు
ఇవ్వాళ వాటిని వాసన చూసి వదిలేశాయి.
వేడి ఉప్పునీళ్ల బొక్కెన,
తవుడు పట్టీ, దాని మీద గోనె,
గోనె మీద సైకిల్ ట్యూబు ముక్క.

"గాజుపెంకేనా?" అన్నాడు పోలారావు.
అవునంటే సరిపోయేది. సముద్రం తిరిగొచ్చి సాక్ష్యం చెప్పదు కదా.
మేకుని అతని చేతిలో పెట్టాను.
"నాదే" అన్నాను.

అటూ ఇటూ తిప్పి చూశాడు.
ఫోను తీసి, గోడవైపు తిరిగి,
"గుర్రానికి కాలు బాగోలేదండి, కారు పెట్టుకోండి" అన్నాడు.
అడ్వాన్సు డబ్బు దాగలి మీద పెట్టాను.
లెక్కపెట్టకుండా తీసుకున్నాడు.
అతను అలా లెక్కపెట్టకపోవడం అదే మొదలు.
పావురాన్ని మాత్రం ఇక్కడే వదిలి వెళ్లాడు.

చీకటి పడ్డాక ఏదో పెళ్లి బ్యాండు
కొత్తరోడ్డు మీదుగా పోయింది.
పావురం చెవులు అటు తిప్పి
మూడు కాళ్లతో
రెండడుగులు ఆడింది, అలవాటుగా.

తవుడు మార్చాలి.
దాని తలవైపు వీపు పెట్టి
భుజం నుంచి చెయ్యి జార్చాను,
మోకాలి కింద ఆగాను.
బ్యాండు దూరమైంది. హార్బర్లో ఏదో ఓడ కూసింది.
అలాగే ఉన్నాను, అడుగుతూ.